జాబు బరువు, బిళ్ళ వెల

జాబు వ్రాయ నేర్చినవారు మన నెల్లూరు సీమలో లక్షోపలక్షలు గలరు. ఆ జాబునకు ఎంత వెలగల తపాలాబిళ్ళ నంటింపవలెనో సరిగా నెఱిగినవారు మాత్రము కొలదిమందియే. కవరు చేతికి రాగానే అయిదు రూపాయల బిళ్ళ నొకదాని నంటించి పెట్టెలో వేయుట వాడుకయైనది. లోపల రెండు కాగితములున్నను, ఆఱు కాగితములున్నను బిళ్ళ యొక్కటియే. ఈ యజాగ్రత్తవలని నష్టము తఱచుగా పుచ్చుకొనువానిపై బడుట విచారకరము. బిళ్ళ చాలని జాబును గమ్యమునకు చేర్చి, తక్కువపడిన సొమ్మునకు రెట్టింపు పుచ్చుకొనువానివద్ద రాబట్టుట 1854 నుండి వచ్చిన యాచారము. దీనినే మనవారు బేరింగు జాబందురు. పట్టణమునందలి కుమారుడు మైపాడునందలి తల్లికి అయిదు రూపాయలు తక్కువగా బిళ్ళ నంటించి పంపినచో, పది రూపాయల భారము తల్లిమీద పడును. ఆమె పుచ్చుకొననిచో జాబు తిరుగుముఖము పట్టును. అది పెండ్లివార్తయో, వ్యాజ్యమునకు గడువు తెలుపు కాగితమో యైనచో కలుగు నష్టమును పది రూపాయలతో కొలువజాలము.

బిళ్ళ వెల నిర్ణయించుటకు ప్రశ్నలు రెండు గలవు. జాబెంత దూరము పోవలెను? జాబెంత బరువున్నది? సామాన్యపు జాబు విషయమున మొదటి ప్రశ్నకు నేడు తావు లేదు. కృష్ణపట్టణమునుండి ముత్తుకూరునకు పోవు జాబునకును, శ్రీనగరమునకు పోవు జాబునకును రుసుమొక్కటియే. ఇది యెల్లకాలము ఇట్లుండలేదు. దీని విలువ తెలియవలెనన్న పూర్వపు స్థితిని స్మరింపవలెను.

1786లో మద్రాసున జనరల్ పోస్టాఫీసు నెలకొల్పబడి, ఉత్తరముగా గంజాము వఱకు తపాలా నడుపబడెను. నెల్లూరు ఆ త్రోవలోనిదే. రన్నర్లు సంచులు భుజమున వైచుకొని, పెన్న మొదలగు నదులను దాటి, మజిలీ మజిలీకి చేతులు మార్చుచు జాబులను కొనిపోయెడివారు. ఆ దినములలో రుసుము దూరమునుబట్టియు, బరువునుబట్టియు నుండెను. 1837వ సంవత్సరపు చట్టము తరువాత సయితము కలకత్తానుండి బొంబాయికి తులము బరువు గల జాబునకు ఒక రూపాయి పట్టెడిది, ఆగ్రాకు పండ్రెండణాలు. ఏ యూరికెంత యని తెలియవలెనన్న దూరముల పట్టిక చూడవలెను. పట్టిక తపాలా యుద్యోగి చేతనుండెను గనుక, అతడు చెప్పినదే లెక్క. పేదవానికి దూరదేశపు జాబు అందరాని పండు.

ఇంగ్లండులో రోలండ్ హిల్ అను సంస్కర్త తపాలా ఖర్చులను విమర్శించి, జాబును మోయుటకగు వ్యయము అత్యల్పమనియు, ప్రతి జాబునకు దూరమునుబట్టి లెక్క కట్టి వసూలు చేయుటకే శ్రమయు సొమ్మును వ్యర్థమగుచున్నవనియు చూపెను. దాని ఫలితముగా 1840 జనవరి 10వ తేదీనుండి ఆ దేశమంతటను ఒకే రుసుము, ఒక పెన్నీ, అమలులోనికి వచ్చెను. మనదేశమున నీ పద్ధతి 1854 అక్టోబరు 1వ తేదీన డల్హౌసీ కాలమున ప్రవేశించెను. పావుతులము మించని జాబు దేశములో నెచ్చటికైనను అర్ధణా. అరతులము వఱకు అణా. తులము వఱకు రెండణాలు.

ఆనాటి గృహస్థునకు తూకపురాయి కొఱకు వెదకనక్కఱ లేకుండెను. వెండిరూపాయి సరిగా తులము తూగెడిది, అర్ధరూపాయి అరతులము, పావలా పావుతులము. త్రాసులో నొకవైపున పావలా నుంచి, జాబు దానికి మించకున్న అర్ధణాబిళ్ళ చాలునని నిశ్చయించుకొనవచ్చును. తులమనగా 11.66 గ్రాములు, పావుతులము మూడు గ్రాములకు లోపు. నేడు కచేరీలలో వాడు ఏ-4 కాగితము ఒక్కటి అయిదు గ్రాములు తూగును. అనగా మన యొంటికాగితపు జాబు ఆనాటి అర్ధణాబిళ్ళతో పోజాలదు, అణా చెల్లింపవలసినదే.

1869లో అర్ధణాకు అరతులము వఱకు అనుమతించిరి. 1879 జూలై 1వ తేదీన కానీ వెలకు పోస్టుకార్డు వెలువడెను. సామాన్యజనులకు ఇంతకంటె నుపకరించిన కాగితము మఱియొకటి లేదు. తూచనక్కఱ లేదు, లెక్క కట్టనక్కఱ లేదు. కాని ప్రభుత్వమునకు సొమ్ము తక్కువపడినప్పుడెల్ల నీ పేదవాని కార్డుపైననే దృష్టి పడెను. 1922లో కార్డు కానీనుండి అర్ధణాకును, జాబు అణాకును పెరిగెను. 1931 డిసెంబరులో, ధాన్యపు ధరలు పడిపోయి రైతులు శిస్తు కట్టలేక తల్లడిల్లుచున్న తరుణమున, కార్డు మూడు కానీలకును, జాబు అణా కానీకిని హెచ్చింపబడెను. అంతకు ముందటి యేటనే ఉప్పుపన్ను నెదిరించి సముద్రతీరమున నిలిచిన ప్రజలకు ఉప్పునకును పోస్టుకార్డునకును గల పోలిక వేఱుగ బోధింపవలసిన పని లేకుండెను. రెండును పేదవాని నిత్యావసరములే. రెండింటిపైనను పరప్రభుత్వము చేయి వైచెను.

ఇక నేటి లెక్క. 2001లో నిర్ణయమైన రేటు ప్రకారము జాబునకు ప్రతి 20 గ్రాములకును 5 రూపాయలు. ఇందలి కీలకము "భాగమునకును పూర్తి రుసుము" అను నియమము. ఇరువది గ్రాములకు 5 రూపాయలైనచో ఇరువదియొక్క గ్రాములకు 10 రూపాయలు. 45 గ్రాములకు 15 రూపాయలు. త్రాసు లేనివారు కాగితములను లెక్కింపవచ్చును. ఏ-4 కాగితము అయిదు గ్రాములు, పొడుగు కవరు సుమారు అయిదు గ్రాములు. రెండు కాగితములున్న జాబు పదునైదు గ్రాములు. నిస్సంశయముగా 5 రూపాయల బిళ్ళ చాలును. మూడు కాగితములున్నచో సరిగా నిరువది. జిగురును, బిళ్ళయు, పిన్నును చేరి గీటు దాటింపవచ్చును. ఇట్టి జాబును తూపింపక వేయరాదు. నాలుగు కాగితములున్నచో 10 రూపాయలు తప్పవు. కవరు నంటించి, బిళ్ళలతో సహా తూచుటయే క్షేమము. రెండున్నర రూపాయల ఇన్లాండు లెటరులోపల మఱియొక కాగితము పెట్టినచో అది ఇన్లాండు లెటరుగా నిలువదు. అర్ధరూపాయి పోస్టుకార్డునకు మాత్రమీ చిక్కులేవియు లేవు.

ఈ మధ్య వచ్చిన మార్పులను గూడ గృహస్థులు గమనింపవలెను. పూర్వము శుభలేఖలను కవరు నంటింపక బుక్ పోస్టుగా పంపెడివారము; ఏబది గ్రాముల వఱకు 4 రూపాయలు. 2024 డిసెంబరులో బుక్ పోస్టు పద్ధతి రద్దయినది. 45 గ్రాముల శుభలేఖను నేడు జాబుగా పంపినచో 15 రూపాయలగును. మున్నూరు శుభలేఖలు పంపు పెండ్లివారికి 3,300 రూపాయలు అధికవ్యయము. పాత అలవాటున నాలుగు రూపాయల బిళ్ళ నంటించినచో, చుట్టములందఱును బేరింగు చెల్లించి ఆహ్వానము నందుకొనవలసి వచ్చును! పుస్తకముల కొఱకు 2025 మే నెలలో జ్ఞాన పోస్టు అను వేఱు పద్ధతి ఏర్పడినది.

మఱియొక మార్పు కౌలు నోటీసులు, వకీలు నోటీసులు పంపు భూస్వాములకు ముఖ్యము. 2025లో రిజిష్టరు పోస్టు స్పీడుపోస్టులో విలీనమైనది. ఇరువది గ్రాముల జాబును రిజిష్టరు చేయుటకు పూర్వము పన్ను గాక 22 రూపాయలు చాలెడిది. 2025 అక్టోబరు 1వ తేదీనాటి స్పీడుపోస్టు రేట్ల ప్రకారము ఏబది గ్రాములలోపు కవరునకు స్థానికముగా 19 రూపాయలు, వెలుపలికి 47 రూపాయలు, రిజిష్టరు చేయుటకు మఱి 5 రూపాయలు, వీనిపై పన్ను. ఏబది గ్రాములు మించినచో దూరమునుబట్టి రుసుము పెరుగును. 1854లో సామాన్యపు జాబును విడిచిపోయిన దూరపు లెక్క, నోటీసు పంపు రైతు ముంగిట మరల నిలిచినది.

వేగమునకు వేఱు వెల యుండుటను మేము ఆక్షేపింపము. పత్రము చేరినదని ఋజువు కోరువాడు మాత్రము వేగమును కోరినవాడు కాడు. వానికి వేగపు వెల కట్టుట న్యాయమా యని ప్రజాప్రతినిధులు విచారింపవలెను. సామాన్యపు జాబునకు దేశమంతటను ఒకే రుసుమను సూత్రమును మాత్రము ఏ సాకుచేతను సడలనీయరాదు. సముద్రపుటొడ్డున నున్న పల్లెవాడును, రాజధానిలో నున్న ధనికుడును ఒకే వెలకు దేశమునందలి యే మూలకైనను మాట పంపగలుగుట పౌరసమానత్వమునకు ప్రత్యక్షమైన గుర్తు.

అంతవఱకు మన చేతిలోనున్న పనులు రెండు. ప్రతి పల్లె తపాలాకచేరీలోను సరియైన త్రాసును, రేట్లను తెలుగున పెద్దయక్షరములతో వ్రాసిన పలకయు నుండవలెనని గ్రామస్థులు కోరవలెను. దూరముల పట్టిక ఉద్యోగి చేతనున్న కాలము గతించినది; బరువుల పట్టిక గోడపై నుండుట ప్రజలహక్కు. ఇక జాబు వ్రాయువారు పెట్టెలో వేయుటకు ముందొకమారు తూచుకొనవలెను. మన ప్రేమను, మన యాహ్వానమును, మన వ్యవహారమును మోసికొనిపోవు కాగితము ఎదుటివానికి ఋణమై చేరుట మర్యాద కాదు.