పిల్లలకు జతగూడి వచ్చు వ్యాధులు

నేను బడిలో నున్న దినములలో నాల్గవ తరగతి బాలుడొకడు మాటిమాటికి లేచి, వెలుపలికి బోవుటకు సెలవడుగుచుండెను. పాఠమునకు వెఱచి సాకు చెప్పుచున్నాడని తలచి వానిని మందలించితిని. నెల తిరుగకమునుపే వాడు పుల్లవలె చిక్కి, యొకనాడు తెలివి దప్పి పడిపోయెను. పట్నపు వైద్యులు మధుమేహమని నిర్ణయించి సూదిమందుతో బ్రదికించిరి. ఆ మందలింపు నన్ను నేటికిని బాధించుచునే యున్నది.

పసివయసున సాధారణముగా వచ్చు ఈ మధుమేహము తీపి తినుటవలన గలుగునది కాదు. రోగక్రిములను బరిమార్చుటకు మన దేహమున నొక రక్షకబలము కలదు. అది పొరపడి, క్లోమమునందు ఇన్సులిను పుట్టించు కణములనే శత్రువులని యెంచి నాశనము చేయును. కంచెయే చేను మేసినట్లన్నమాట! 1922 జనవరిలో టొరంటో నగరమున పదునాలుగేండ్ల బాలునికి తొలుత ఇన్సులిను ఇచ్చిరి. అంతకు పూర్వ మిట్టి పిల్లలు ఒకటి రెండేండ్లకు మించి బ్రదుకుట యరుదు.

అయితే మేయ మరగిన కంచె యొక్కొక్కప్పుడు ఒక మడితో నాగదు. మా బాలునికి రెండేండ్ల పిదప ఎదుగుదల కుంటుపడి మందకొడితనము వచ్చెను. ఇది సూదిమందు చేసిన చెఱుపని యింటివారు దానిని మాన్పింప జూచిరి. మాన్పియున్నచో ప్రాణమే పోయెడిది. వైద్యుడు నెత్తురు పరీక్షించి, గొంతునందలి థైరాయిడ్ గ్రంథియు నిట్లే దెబ్బతిన్నదని చెప్పి, దినమున కొక మాత్ర నిచ్చెను. వాడు మరల నెదిగెను.

మూడవది సీలియాక్ అను వ్యాధి. గోధుమ, బార్లీలయందలి జిగురు పదార్థము తగిలినంతనే రక్షకబలము రేగి, చిన్నప్రేగు లోపలి నూగును అరుగగొట్టును. తిన్నది ఒంటబట్టదు. గోధుమ మాన్పినచో ఇట్టి పిల్లలు కోలుకొందురని హాలండు వైద్యుడు డికె 1950లో తన సిద్ధాంతవ్యాసమున చూపెను. వరి, జొన్న, రాగులవలన నీ బాధ లేదు.

ఇవి యేల జతగూడును? తనవారెవరో పరులెవరో గుర్తించుటకు దేహమున వంశానుగతములైన గుర్తులు కలవు. వానిలో కొన్ని రకములు ఈ వ్యాధుల కన్నిటికిని చోటిచ్చును. అట్లని తల్లిదండ్రులను నిందింపదగదు; ఒకే పోలిక కవలలలో నొకరికి వచ్చి రెండవవారికి రాకపోవుటయు గలదు.

కావున మధుమేహము బయటపడిన బిడ్డకు థైరాయిడ్, సీలియాక్ పరీక్షలు కూడ వెంటనే చేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల చేయింపవలెను. పైకి లక్షణము లేకున్నను ఇవి లోలోపల నుండవచ్చును. పరీక్షకు ముందే గోధుమ మాన్పింపరాదు. మాన్పినచో నెత్తురున దాని జాడ దొరకకపోవచ్చును.