మీటరు మీద అనుమానమా? రాసి అడగండి

రెండు నెలలకోసారి ఈబీ లెక్క వచ్చేసరికి పళని వైపు మన ఇళ్లలో వినపడే మాట ఒకటే: "ఈ మీటరు గుర్రంలా పరిగెత్తుతోంది!" ఆ తరువాత పక్కింటివారితో చెప్పుకుంటాం, లైన్‌మన్‌ను నాలుగు మాటలంటాం, చివరికి డబ్బు కట్టి వస్తాం. మీటరును పరీక్షించమని కాగితం రాసి ఇచ్చేవారు ఎందరో చెప్పండి!

కరెంటు రేటు యూనిట్‌కు పైసల్లో పెరిగినందుకే 1970లోనూ, 1972లోనూ కోయంబత్తూరు రైతులు వీధికెక్కారు. 1972లో ఎద్దుల బండ్లతో నగరం దారులు నింపేశారు. ఆ రైతులను నడిపించిన సి. నారాయణస్వామి నాయుడు (1984లో కాలం చేశారు) మన తెలుగు రైతు ఇంటి బిడ్డే. పైసా కోసం అంత దూరం వెళ్లినవారి మనవలకు ఒక అర్జీ బరువా?

చిన్న తేడాకు ఎంత పోతుందిలే అనుకోకండి. తమిళనాడులో ఇంటి కనెక్షన్‌కు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు 2016 నుంచి ఉచితం. వాడకం 500 దాటిందా, కింద ఉన్న కొన్ని యూనిట్లకు కూడా రేటు పెరుగుతుంది. 490 వాడిన ఇంటికి మీటరు 510 చూపిస్తే పోయేది ఇరవై యూనిట్ల డబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటే.

అర్జీకి ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. అన్ని స్విచ్‌లూ ఆపి మీటరు మీద మెరిసే ఎర్ర దీపం చూడండి. అప్పుడూ మెరుస్తుంటే మెయిన్ స్విచ్ కూడా దించండి. దీపం ఆగిందా, తప్పు ఇంటి వైరింగులో ఉండవచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇంకా మెరుస్తూనే ఉంటే అనుమానం మీటరు మీదే. చాలా మీటర్ల మీద 3200 అని ఉంటుంది, అంటే యూనిట్‌కు అన్ని మెరుపులు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే వేసి మూడు నిమిషాలు లెక్కపెడితే సుమారు 160 రావాలి. వోల్టేజి తక్కువైతే కొంత తగ్గుతుంది. పాత చక్రం మీటర్లు ముసలితనంలో సాధారణంగా నెమ్మదిస్తాయి, కొత్తది పెట్టగానే బిల్లు పెరిగిందంటే మోసమని వెంటనే తేల్చకండి.

అనుమానం తీరకపోతే సెక్షన్ ఆఫీసులో ఏఈ గారికి అర్జీ ఇవ్వండి. ఇంట్లో తెలుగు మాట్లాడినా అర్జీ తమిళంలో రాయడం మనకు అలవాటే కదా! కనెక్షన్ నంబరు, గత ఏడాది వాడకం రాసి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. 2020 నాటి కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 30 రోజుల్లో పరీక్ష జరగాలి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు పరీక్ష రుసుము అడగకూడదు. ఫలితం నచ్చకపోతే గుర్తింపు పొందిన బయటి పరీక్షాశాలను కోరవచ్చు. ఈ నియమాలు దేశమంతటికీ వర్తిస్తాయి, హోసూరువారికీ, బెంగుళూరువారికీ ఇవే.

పరీక్ష తేలేలోగా ఫ్యూజు పీకుతారేమోనన్న భయమే మనలను ఆపుతుంది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లో దానికి మందుంది. బిల్లు మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి కడితే, వివాదం తేలేవరకు కరెంటు తీయరాదు. ఆ మాట రసీదుతో పాటు ఉండేలా చూసుకోండి.

విద్యుత్ బోర్డు పేరు 2010లో ఒకసారి, 2024లో మరోసారి మారినా మనకు అది ఈబీయే. అక్కడ వినకపోతే ప్రతి సర్కిల్‌లోనూ వినియోగదారుల ఫోరం ఉంది, ఆ పైన చెన్నైలో విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

2024 ఫిబ్రవరి సవరణతో ఇంకో సౌకర్యం వచ్చింది. వాడకానికి, మీటరు లెక్కకు పొంతన లేదని ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో రెండో మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చాలి. ఆ మూడు నెలలూ రోజూ ఒకే వేళకు రెండు మీటర్ల అంకెలనూ గోడ క్యాలెండరు మీద రాసుకోండి. రేపు వారి కాగితంలో ఏమున్నా పోల్చి చూడడానికి మీ చేతిరాత ఉంటుంది.