ఎత్తు చెప్పని సంగతి నడుము చెబుతుంది

తిరువళ్లూరులో కొలువైన వీరరాఘవస్వామిని భక్తులు వైద్య వీరరాఘవుడని కొలుస్తారు. జబ్బు నయం కావాలని మొక్కుకుని అమావాస్యనాడు కోనేట్లో బెల్లం కరిగిస్తారు. తిరుత్తణి, పళ్లిపట్టు వైపు తెలుగు కుటుంబాలకూ ఆయన ఇష్టదైవమే. మొక్కుకునే జబ్బుల్లో ఇవాళ ఏ ఊళ్లో చూసినా షుగరు, బీపీల మాటే. వాటి కోసం డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు బరువు చూస్తారు. "నా ఎత్తుకు ఎంత ఉండాలి సార్?" అన్న ప్రశ్న అక్కడే వస్తుంది.

పాత లెక్క తేలిక. సెంటీమీటర్లలో ఎత్తు తీసుకుని అందులోంచి వంద తీసేయడమే. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పేరుమీద అది చెలామణీ అయింది. తర్వాతివాళ్లు దాన్ని సవరించి, వచ్చిన అంకెలో మగవాళ్లకు పదోవంతు, ఆడవాళ్లకు నూటికి పదిహేను వంతులు తగ్గించారు. ఇంకో లెక్క డివైన్‌ది, 1974 నాటిది. అయిదడుగుల మగవాడికి 50 కిలోలు, ఆడమనిషికి 45.5 కిలోలు, ఆపైన ప్రతి అంగుళానికీ 2.3 కిలోలు. అంటే అయిదడుగుల నాలుగంగుళాలకు మగవాడు 59, ఆడమనిషి 55 ఉండాలి. స్త్రీ శరీరంలో సహజంగానే కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ కాబట్టి ఈ తేడా. అయితే డివైన్ ఈ సూత్రం రాసింది జెంటామైసిన్ అనే మందు మోతాదు గురించిన వ్యాసంలో. మందు కొలవడానికి వేసిన అంచనాను ఆరోగ్యానికి గీటురాయి చేసుకోవడం నాకు సబబుగా తోచదు.

అంతకంటే బీఎంఐ మేలు. కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే అది వస్తుంది. ఇది ఒకే అంకెకు కట్టిపడెయ్యదు, ఇంత నుంచి ఇంతవరకు అని చెబుతుంది. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు. మన దేశ వైద్యులు 2009లో ప్రచురించిన మార్గదర్శకాల్లో ఆ గీతను 23కి దించారు. 163 సెంటీమీటర్ల మనిషికి 49 నుంచి 61 కిలోలదాకా పరవాలేదన్నమాట.

గీత ఎందుకు దిగిందో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఒక ఫొటో చూస్తే తెలుస్తుంది. అందులో పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బక్కగా కనబడే మనవాళ్లకు కొవ్వు పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ పనికి అడ్డుపడేది ఆ కొవ్వే.

అందుకే తూకం చూసి ఊరుకోకూడదు, టేపు తీసి నడుము కూడా చూడాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ప్యాంటు సైజును నమ్మకండి. బొజ్జ కిందికి బెల్టు బిగించుకునేవాళ్లకు అది ఏళ్ల తరబడి మారదు.

తిరువాలంగాడు చక్కెర మిల్లుకు చెరకు నరికి పంపే కూలీ, రోజూ తిరువళ్లూరు నుంచి చెన్నైకి లోకల్ రైల్లో వెళ్లి కుర్చీలో పనిచేసే గుమాస్తా, ఇద్దరూ 64 కిలోలు, ఇద్దరిదీ 163 సెంటీమీటర్ల ఎత్తే అనుకుందాం. బీఎంఐ ఇద్దరికీ 24 దగ్గర ఉంటుంది, ఇద్దరినీ అధిక బరువు కిందే రాస్తుంది. కూలీ బరువులో కండ ఎక్కువ. గుమాస్తా నడుము 94 ఉంటే షుగరు పరీక్ష చేయించుకోవలసింది ఆయనే.

గర్భిణులకు, పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు. పిల్లలకు వయసుల వారీ పట్టికలు వేరే ఉన్నాయి. ముసలివాళ్ల సంగతి ఇంకా సున్నితం. వెన్ను వంగి ఎత్తు తగ్గడంతో బీఎంఐ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లోపల కండ కరిగిపోతూ ఉంటుంది. ఏ ప్రయత్నమూ లేకుండా తాతయ్య బరువు తగ్గుతుంటే సన్నబడ్డాడని సంతోషించకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.