గ్నూ హర్డ్ కెర్నెల్ నిర్మాణంలో జాప్యం: కారణాలు – పరిశీలన

వ్యాససంగ్రహం:
గ్నూ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెర్నెల్‌గా ఉద్దేశించిన హర్డ్ నిర్మాణం 1990లో మొదలైంది. మూడున్నర దశాబ్దాలు గడిచినా దాని 1.0 వెర్షన్ వెలువడలేదు. లినక్స్ విజయమే ఈ జాప్యానికి కారణమని సాధారణంగా చెబుతుంటారు. అయితే పనిని సులభతరం చేస్తుందన్న ఆశతో ఎంచుకున్న నిర్మాణ విధానమే పనిని కఠినతరం చేసిందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, గ్నూ, హర్డ్, మైక్రోకెర్నెల్, మాక్, లినక్స్.

1. ఉపోద్ఘాతం:
కంప్యూటర్‌లోని మెమరీ, ప్రాసెసర్, డిస్కు వంటి వనరులను ప్రోగ్రాములకు పంచి, వాటిపై అదుపు ఉంచే భాగం కెర్నెల్. యూనిక్స్‌కు బదులుగా, అందరూ స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకోగల వ్యవస్థను నిర్మిస్తామని రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో ప్రకటించాడు. 1990 నాటికి ఎడిటర్, సి కంపైలర్, డీబగ్గర్ వంటి ముఖ్య భాగాలు సిద్ధమయ్యాయి. ప్రధానంగా మిగిలింది కెర్నెల్. అది లేకపోతే మిగిలిన భాగాలన్నీ ఇతరుల యూనిక్స్‌పైనే నడవాలి. అంటే స్వేచ్ఛ అనే లక్ష్యం అసంపూర్ణంగానే ఉంటుంది.

2. కెర్నెల్ కోసం అన్వేషణ:
తొలుత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రూపొందిన ట్రిక్స్ అనే కెర్నెల్‌ను పరిశీలించి విడిచిపెట్టారు. తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన మాక్ మైక్రోకెర్నెల్‌ను ఆధారంగా తీసుకోవాలని నిశ్చయించారు. కానీ అది స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలయ్యేవరకు నిరీక్షించవలసి వచ్చింది. కనుక జాప్యంలో తొలి అంకం సాంకేతికమైనది కాదు, లైసెన్సుకు సంబంధించినది.

3. హర్డ్ నిర్మాణ విధానం:
లినక్స్ వంటి ఏకశిలా కెర్నెల్‌లో ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్, డ్రైవర్లు అన్నీ ఒకే పెద్ద ప్రోగ్రాములో భాగాలు. హర్డ్‌లో మాక్ కేవలం మెమరీ, ప్రాసెస్‌లు, సందేశాల బట్వాడా వంటి మౌలిక విధులను నిర్వహిస్తుంది. మిగిలిన పనులను సర్వర్లనే విడివిడి ప్రోగ్రాములు చేస్తాయి. ప్రధాన రూపశిల్పి థామస్ బుష్నెల్.

ఈ విభజన ఉద్దేశం కేవలం సౌలభ్యం కాదు, అధికార వికేంద్రీకరణ. సాంప్రదాయిక యూనిక్స్‌లో కొత్త ఫైల్ సిస్టమ్‌ను జతచేయాలంటే నిర్వాహకుని అనుమతి అవసరం. హర్డ్‌లో ట్రాన్స్‌లేటర్ అనే సాధనం ద్వారా సామాన్య వినియోగదారుడు కూడా దూరపు ఎఫ్‌టీపీ సర్వర్‌లోని ఫైళ్లను తన సొంత డైరెక్టరీలో ఉన్నట్లే చూడగలడు. ఇదే తరహా సౌకర్యం లినక్స్ కెర్నెల్‌లోకి ఫ్యూజ్ పేరుతో 2005లో ప్రవేశించడం గమనార్హం.

4. జాప్యానికి కారణాలు:

4.1. దోషశోధన: కెర్నెల్ రచనలో అత్యంత కష్టమైన పని దోషశోధన. కెర్నెలే ఆగిపోతే దానిని పరీక్షించే సాధనాలు కూడా ఆగిపోతాయి. మాక్ అప్పటికే సిద్ధంగా ఉంది కనుక ఆ శ్రమ తప్పుతుందనీ, సర్వర్లు సామాన్య ప్రోగ్రాములే కనుక వాటిని మామూలు డీబగ్గర్‌తోనే సరిదిద్దవచ్చనీ రూపకర్తలు భావించారు. ఆ వీలు కలగడానికే చాలా కాలం పట్టింది. పైగా ప్రతి సర్వర్‌లోనూ అనేక థ్రెడ్లు ఏకకాలంలో నడుస్తూ, ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. ఆ సందేశాల క్రమం ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఒకసారి కనిపించిన దోషం మరుసటిసారి కనిపించకపోవచ్చు. స్టాల్‌మన్ స్వయంగా జాప్యానికి ఈ కారణాన్నే పేర్కొన్నాడు.

4.2. మాక్ పరిమితులు: ఫైలు చదవడం వంటి చిన్న పనికి కూడా ప్రోగ్రాముకూ సర్వర్‌కూ మధ్య సందేశాలు నడవాలి. మాక్‌లో ఈ బట్వాడా నిదానం. ఆ నిదానం మైక్రోకెర్నెల్ భావనలోని దోషం కాదని యోఖెన్ లీట్కే 1990వ దశకంలో ఎల్4 కెర్నెల్ ద్వారా నిరూపించాడు. హర్డ్‌ను ఎల్4 పైకి మార్చే ప్రయత్నం ఆ తరువాతి దశకంలో జరిగింది గానీ పూర్తికాలేదు. ఆ ప్రయత్నంలో పాల్గొన్న నీల్ వాల్‌ఫీల్డ్, మార్కస్ బ్రింక్‌మన్ 2007లో హర్డ్ నిర్మాణంపై విమర్శను ప్రచురించారు. ఏ వినియోగదారుని కోసం సర్వర్ ఎంత వనరు ఖర్చు చేసిందో సరిగా లెక్కకట్టలేకపోవడం వారు చూపిన లోపాలలో ముఖ్యమైనది.

4.3. మానవ వనరులు: 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించి, 1992లో దానిని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. గ్నూ భాగాలు దానిపై నడవసాగాయి. స్వేచ్ఛా వ్యవస్థ కావాలన్న తక్షణావసరం అక్కడితో తీరింది. స్వచ్ఛంద కార్యకర్తలు సహజంగానే అటు మళ్లారు. డ్రైవర్ల రచనకు ఎందరో చేతులు కలపాలి. హర్డ్‌కు ఆ బలం లేకపోయింది. డిస్కు విభాగం మొత్తాన్ని మెమరీ చిరునామాలలోకి తెచ్చుకునే పద్ధతి వల్ల ఒక్కొక్క విభాగం సుమారు 2 గిగాబైట్లు మించరాదన్న పరిమితి చాలా ఏళ్లు కొనసాగింది.

5. ప్రస్తుత స్థితి:
0.9 వెర్షన్ 2016 డిసెంబరులో వెలువడింది. డెబియన్ కార్యకర్తలు హర్డ్‌పై నడిచే సంకలనాన్ని 2013 నుండి అప్పుడప్పుడు అనధికారికంగా విడుదల చేస్తున్నారు. 2025 విడుదలలో 64 బిట్ల ప్రాసెసర్లకు కూడా మద్దతు లభించింది. డిస్కు డ్రైవర్లను నెట్‌బీఎస్‌డీ నుండి స్వీకరించడం ద్వారా పాత కొరతను కొంత పూడ్చుకున్నారు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, కష్టాన్ని ఒక భాగం నుండి తొలగించినంత మాత్రాన అది మాయం కాదు. హర్డ్‌లో అది కెర్నెల్ నుండి సర్వర్ల నడుమ సంభాషణలోకి మారింది. రెండు, స్వచ్ఛంద నిర్మాణానికి ఉత్తమ రూపకల్పన ఎంత ముఖ్యమో, అసంపూర్ణమైనా తొందరగా వాడుకలోకి రావడం అంత ముఖ్యం. వాడేవారు ఉంటేనే సరిదిద్దేవారు వస్తారు. మూడు, వినియోగదారునికి వ్యవస్థపై ఎంత అధికారం ఉండాలన్న హర్డ్ ప్రశ్న నేటికీ పాతబడలేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధనలో హర్డ్‌ను కేవలం విఫలయత్నంగా పేర్కొని విడిచిపెడితే, ఆ ప్రశ్న విద్యార్థికి చేరకుండానే పోతుంది.