చిన్న ప్రేగు - పెద్ద పని

అన్నము కడుపులో చేరినంతమాత్రమున మన శరీరమునకు బలము కలుగునా? కలుగదు. మన జీర్ణనాళము నోటినుండి ఆరంభమగు ఒక పొడవైన గొట్టము. ఆ గొట్టములో నున్నంతవరకు ఆహారము శరీరమునకు వెలుపల నున్నట్లే. దాని గోడను దాటి రక్తములో కలిసినప్పుడే అది మనదగును. ఆహారము నట్లు దాటించు ముఖ్యస్థానము చిన్న ప్రేగు.

దీనికి చిన్న ప్రేగను పేరు సన్నదనమునుబట్టి వచ్చినది. దీని వెడల్పు సుమారు 2.5 సెంటీమీటర్లు, పొడవు మాత్రము పెద్దవారిలో సుమారు 6 మీటర్లు.

పప్పు కలిపి, నేయి వేసికొని తినిన అన్నమును ఉదాహరణముగా గైకొందము. అన్నములో పిండిపదార్థము, పప్పులో పిండితోపాటు మాంసకృత్తులు, నేతిలో క్రొవ్వు ఉన్నవి. జీర్ణాశయములో ఇవి ఆమ్లముతో కలిసి అంబలివలె మారి, కొంచెము కొంచెముగా చిన్న ప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలములో ప్రవేశించును. అచ్చట కాలేయము, క్లోమము అను రెండు అవయవములు తమ రసములను పంపి ప్రేగునకు తోడ్పడును.

ఆహారము వచ్చినదని క్లోమమునకు తెలియుటెట్లు? 1902లో లండను నగరమున బేలిస్, స్టార్లింగ్ అను శాస్త్రజ్ఞులు ఒక కుక్క ప్రేగుభాగమునకు పోవు నాడులను తెంచి, అందులో ఆమ్లమును పోసిరి. నాడులు లేకున్నను క్లోమరసము స్రవించెను. ప్రేగు గోడ సెక్రెటిన్ అను పదార్థమును రక్తములో విడిచి, ఆ వార్తను పంపుచున్నదని వారు గ్రహించిరి. హార్మోనుల శాస్త్రమునకు ఇది నాంది యయ్యెను.

క్లోమరసము మొదట ఆమ్లపు తీవ్రతను అణచును. పిమ్మట అందలి ఎంజైములు పిండిని చక్కెరలుగాను, మాంసకృత్తులను చిన్న తునకలుగాను విడగొట్టును. నేయి నీటిలో కలియదు గదా! కుంకుడురసము తలనూనెను విడదీసినట్లు, కాలేయమునుండి వచ్చు పైత్యరసము నేతిని సన్నని బిందువులుగా చేయును. అప్పుడు క్లోమరసములోని లైపేజ్ దానిని జీర్ణము చేయును. పైత్యరసము భోజనముల నడుమ పిత్తాశయములో నిలువయుండును.

ప్రేగు లోపలి పొరపై మఖ్మలు నూగువలె చూషకములు లెక్కకు మిక్కిలిగా గలవు. ఒక్కొక్కటి సుమారు 1 మిల్లీమీటరు పొడవుండును. చక్కెర, మాంసకృత్తుల సారము వీనిద్వారా రక్తములోనికిని, క్రొవ్వు శోషరసనాళములలోనికిని పోవును.

ఈ చూషకములు చెడిపోయినచో, కడుపునిండ తినినను మనుష్యుడు కృశించును. స్ప్రూ అను సంగ్రహణి వ్యాధిలో జరుగునది ఇదియే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు ఈ వ్యాధిచే మరణించిరి. ఆయనయు దాని వాతబడి బ్రతికెను. తరువాత ఆయన అమెరికాకు వెళ్లి పరిశోధకుడయ్యెను. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి.

ప్రేగు పొరలోని కణములు కొలది దినములకే రాలిపోయి, క్రొత్తవి పుట్టుచుండును. క్రొత్త కణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. స్ప్రూ వచ్చినవారి ప్రేగు దానిని పీల్చుకొనజాలదు; అది లేనిదే ప్రేగు బాగుపడదు. ఈ విషవలయమును ఛేదించుటకు నేటికిని వైద్యులు ఇతర మందులతోపాటు ఫోలిక్ ఆమ్లమును ఇచ్చుచున్నారు.

ఆ విటమిను ఆకుకూరలలోను, పప్పులలోను సహజముగా లభించును. మనము తిను అన్నమును మనదిగా చేయు ప్రేగునకు, ఆ అన్నములోనుండియే పోషణ లభించుచున్నది. కావున కంచములో ఆకుకూరను, పప్పును విడువక తినువాడు తన ప్రేగునకు ఉపకారము చేయువాడగుచున్నాడు.