గింజల గురుగులకు చోటెక్కడ?

కార్తీకం వచ్చింది. చేలల్లో పత్తి పగిలింది. ఏరిన పత్తి ఇంటికి వస్తోంది. ఉన్నవి రెండే అర్రలు. ఒక అర్రలో పొయ్యి, గిన్నెలు. రెండో అర్రలో మంచం, బియ్యం సంచి, గోడ పొడుగునా గురుగులు. గురుగుల్లో విత్తనాలు. మరి పత్తి ఎక్కడ పోయాలి?

జహీరాబాద్ పక్క పల్లెల్లో విత్తనం దాచే ఇళ్లకు ఈ తగవు కొత్తది కాదు. అలాంటి ఒక ఇంటి సంగతి చూద్దాం.

ఆ ఇంట్లో 19 గురుగులు ఉన్నాయి. కంది, అనుము, బొబ్బర, కొర్ర, సామ, తెల్లజొన్న. బీర, సొర, చిక్కుడు గింజలు కూడా ఉన్నాయి. కొన్ని ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చింది. కొన్ని వదిన దగ్గర బదులు తెచ్చింది.

“ఏమే, ఈ కుండలు నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా?” అన్నాడు భర్త. ఆమె మాట్లాడలేదు. మర్నాడు ఆమె కూలికి పోయింది. అతను గురుగులన్నీ అరుగు మీద పెట్టాడు. ఆ రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే రెండు గురుగుల్లో కందులు నాని ఉబ్బాయి. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

భర్త చెడ్డవాడా? కాదు. అతని బాధ అతనిది. పత్తి విత్తనాల ప్యాకెట్లు, ఎరువులు అప్పు చేసి తెచ్చాడు. పత్తి బయట ఉంటే మంచుకు తడుస్తుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ వాళ్లు కొనరు. దలారి సగం ధరకు అడుగుతాడు. అందుకే పత్తికి ఇల్లే దిక్కు అనుకున్నాడు. నిజానికి ఇద్దరి భయం ఒక్కటే. తేమ! కానీ ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

రెండు రోజులు పోయాక, బువ్వ తిన్న తర్వాత, గడప దగ్గర మాట కదిలింది. కదిపింది అత్త. “ఇంట్ల గింజ లేనినాడు నేను సావుకారి గడపల నిలబడ్డ. ఒకటి తెచ్చి రెండు కొలిచినం. నీకు యాదికి లేదు, అప్పుడు నువ్వు చిన్నోడివి” అన్నది కొడుకుతో. దాన్నే నాగు అనేవారు. అప్పు తెచ్చిన గింజకు గింజే వడ్డీ.

అతను కొంచెం మెత్తబడ్డాడు. “సరే. కానీ 19 గురుగులూ కావాల్నా?” అన్నాడు.

ఈ ప్రశ్న మంచి ప్రశ్న. ఆమెకు కోపం రాలేదు. “చూద్దామయ్యా” అన్నది.

ఎలా చూడాలి? ఒక్కో గురుగులో నుంచి 100 గింజలు లెక్కపెట్టి తీయాలి. తడి గోనెపట్టాలో వరసగా పరిచి చుట్టాలి. రోజూ నీళ్లు చిలకరించాలి. వారం తర్వాత విప్పి, మొలిచినవి ఎన్నో లెక్కపెట్టాలి. 80 దాకా మొలిస్తే మంచి విత్తనం. సగమే మొలిస్తే ఎక్కువ పోసి విత్తుకోవాలి. ఇంకా తక్కువైతే అది విత్తనం కాదు. బూడిద, మన్ను తప్ప మరే మందూ కలపని పప్పు గింజలైతే, పుచ్చు లేకపోతే కడిగి వండుకోవచ్చు.

ఆమె లెక్కపెట్టింది. భర్త పక్కన కూర్చుని పలక మీద రాశాడు. నాలుగేళ్ల నాటి అనుములు 100కి 20 కూడా మొలవలేదు. అలాంటివి 5 గురుగులు తేలాయి. నానిన కందులు ఎలాగూ పోయాయి. ఆమెకు కష్టమే అనిపించింది. తల్లి ఇచ్చిన అనుములు అవి. మొలిచిన ఆ కొన్నింటినీ పెరట్లో నాటింది. గురుగులు 12కు వచ్చాయి.

తర్వాత ఇంకో లెక్క. ఎకరానికి జొన్న విత్తనం 4 కిలోలు చాలు. కొర్రలైతే 2 కిలోలు చాలు. ఒక వాన తప్పితే మళ్లీ విత్తాలి కాబట్టి రెండింతలు దాచాలి. రెండింతలైనా అది ఎంత? ఒక పెద్ద కుండెడు. పత్తికి అర్ర కావాలి, గింజకు గోడ చాలు. అతను రెండు బల్లలు తెచ్చి గోడకు కొట్టాడు. గురుగులు నేల వదిలి బల్లెక్కాయి. నేల మీద చెమ్మ కూడా తప్పింది.

ఇంకో చోటు కూడా దొరికింది. పొయ్యి ఉన్న అర్రలో పత్తి పెట్టకూడదు. నిప్పురవ్వ పడితే ఇల్లే అంటుకుంటుంది. కానీ పొయ్యికి ఎత్తున, దూలానికి జొన్న కంకులు, ఎండు బీరకాయలు వేలాడదీయవచ్చు. పొగకు పురుగు దగ్గరికి రాదు. పాతకాలం వాళ్లు అట్లాగే చేసేవారు. పత్తికి పనికిరాని చోటు గింజకు పనికొచ్చింది.

ఆమె కూడా ఒకటి అడిగింది. “యూరియా సంచి, మందు డబ్బా నా గురుగుల పక్కన వద్దు.” యూరియా తేమ పీలుస్తుంది. పురుగుమందు పిల్లల చేతికి అందితే ప్రాణానికే మోసం. కొట్టంలో పెడదామంటే పశువులు యూరియా నాకి చచ్చిపోతాయి. చివరికి కొట్టం వెనక తాళం వేసిన పెట్టె కుదిరింది. అందుకు అతను వారం గొణిగాడు.

గింజ దాచేటప్పుడు బాగా ఎండబెట్టాలి. పంటి కింద వేస్తే టక్కున పగలాలి. నొక్కు పడితే ఇంకా పచ్చి అని అర్థం. పప్పు గింజల్లో బూడిద కలపాలి. వేపాకు నీడలో ఎండబెట్టాకే వేయాలి. పచ్చి ఆకు వేస్తే దాని తడే గింజను చెడగొడుతుంది. మూతికి పేడ, మన్ను మెత్తాలి. గింజ పేరు, ఏ ఏడు పండిందో చీటీ రాసి అంటించాలి. రాయడం వచ్చింది కదా, ఇక గుర్తు కోసం గుడ్డపీలికలు కట్టే పని లేదు.

ఇలా గింజ దాచిన ఆడవాళ్లకు పేరు కూడా వచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. అందులోని మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను ఇళ్లలోనే కాపాడారు. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చట్టం కూడా ఉంది. తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇతరులకు ఇవ్వచ్చు, అమ్మవచ్చు అని 2001 చట్టం రైతుకు హక్కు ఇచ్చింది. కాపాడుకున్న హక్కుదారు రకాన్ని మాత్రం బ్రాండ్ పేరుతో అమ్మకూడదు. ప్యాకెట్‌లో వచ్చే సంకర పత్తి విత్తనం సంగతి వేరు. దాన్ని దాచి మళ్లీ విత్తితే పంట ఒకే తీరున రాదు. అందుకే ఏటా కొనాలి.

పుష్యంలో పత్తి అమ్ముడుపోయింది. అర్ర ఖాళీ అయింది. అయినా గురుగులు బల్ల మీదే ఉన్నాయి. మృగశిర కార్తెలో పక్కింటామె బొబ్బర్లు అడగడానికి వచ్చింది. ఇల్లాలు నీళ్లకు పోయింది. భర్త లేచి, చీటీలు చదివి, బొబ్బర్ల గురుగు దించాడు. తవ్వతో కొలిచి పోశాడు.

“పంటొచ్చినంక రెండు తవ్వలు తెచ్చియ్యాలె. మా ఆమె అడుగుతది” అన్నాడు.