ఆవిరి సిగరెట్టు – గుండె

“పొగ కాదు తాతా, ఉత్త ఆవిరి” యని పట్నమునుండి వచ్చిన మనుమడు ఎలక్ట్రానిక్ సిగరెట్టును చూపినచో, మోమిన్‌పేట్‌లో బీడీ కాల్చు తాతగారేమనవలెను? పొగాకు కాలదు, తారు పుట్టదు, అంతవరకు నిజమే. సిగరెట్టుకంటె 95 శాతము తక్కువ హానికరమని ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లో పలికినది పొగ మానలేనివారిని తలచి. భారత వైద్య పరిశోధన మండలి 2019 మే నెలలో పూర్తి నిషేధమును కోరుటలో, అసలు పొగ త్రాగని పిల్లలను గూర్చిన భయము కలదు. ఆ సెప్టెంబరులోనే కేంద్రము వీని తయారీని, అమ్మకమును నిషేధించెను.

గుండెకు ఈ తగవుతో పనిలేదు. నికోటిన్ పొగలో వచ్చినను, ఆవిరిలో వచ్చినను అడ్రినలిన్‌ను రేపును. నాడి వడి హెచ్చును, రక్తనాళములు బిగియును, రక్తపుపోటు పెరుగును. తాతగారి బీడీలోనిదియు ఆ నికోటినే. కనుక మనుమని మందలించుటకు ఆయనకు గల అధికారము స్వల్పము. పొగాకు మానదలచినవారికై కేంద్ర ప్రభుత్వము ఏర్పరచిన ఉచిత ఫోను సంఖ్య 1800-11-2356.